శాండో అమ్మిన పావుగంట

ఇంట్లో నాన్న వేసుకునే చేతుల్లేని బనియన్‌ని ఏమంటాం? శాండో బనియన్. షాపులో అడిగినా అదే మాట. ఏనుగులతో సినిమాలు తీసిన నిర్మాత చిన్నప్ప దేవర్ పేరు ముందు కూడా శాండో ఉంటుంది. ఇది బ్రాండ్ కాదు, ఊరు కాదు, ఒక మనిషి పేరు. యూజెన్ శాండో. ఒకప్పుడు కండలంటే ప్రపంచమంతటికీ గుర్తొచ్చే పేరు ఇదే. అందుకే మన దగ్గర బలశాలులకూ, వాళ్లు వేసుకునే బనియన్లకూ ఆ పేరే అంటుకుంది.

ఇప్పుడు ఆయన గొడవ ఎందుకంటే, డిగ్రీ అయిపోయి నోటిఫికేషన్ కోసమో, ఆఫర్ లెటర్ కోసమో ఎదురుచూసే నెలల్లో చాలామంది చేసే మొదటి పని జిమ్‌లో చేరడం. ఫోన్ తెరిస్తే చాలు, రోజుకి పదిహేను నిమిషాలు ఇవ్వండి, మూడు నెలల్లో సిక్స్‌ప్యాక్ అనే వీడియోలు వరసగా వస్తుంటాయి. ఈ పదిహేను నిమిషాల మాటను భారీగా మార్కెట్ చేసిన తొలితరం వాళ్లలో శాండో ఒకడు. అతని ఒళ్లు మాత్రం పదిహేను నిమిషాల్లో తయారైంది కాదు. ఈ రెండింటి మధ్య ఉన్న గ్యాపే అతని కథ.

అసలు పేరు ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ ముల్లర్. 1867 ఏప్రిల్ 2న ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఇప్పుడా ఊరు రష్యాలో ఉంది, కాలినిన్‌గ్రాడ్ అంటారు. తను చిన్నప్పుడు బక్కపలచగా ఉండేవాణ్ణని, పదేళ్ల వయసులో నాన్న ఇటలీ తీసుకెళ్తే అక్కడి పాత శిల్పాలను చూసి ఒళ్లు పెంచాలనే పట్టుదల పుట్టిందని తర్వాత్తర్వాత చెప్పుకున్నాడు. అతని జీవితచరిత్ర మీద పనిచేసినవాళ్లు ఈ కథని పూర్తిగా నమ్మరు. నాకూ ఇది పక్కా బిఫోర్-ఆఫ్టర్ ఫొటోలాగే అనిపిస్తుంది. బిఫోర్ ఎంత దీనంగా ఉంటే ఆఫ్టర్ అంత బాగా అమ్ముడుపోతుంది కదా.

పద్దెనిమిదేళ్లప్పుడు తప్పనిసరి సైనిక సేవను తప్పించుకోవడానికి దేశం విడిచి, సర్కస్‌లో చేరి ఊళ్లు తిరిగాడు. ఆ సర్కస్ దివాలా తీయడంతో చేతిలో పైసా లేకుండా బ్రసెల్స్‌లో మిగిలిపోయాడు. అక్కడ దొరికాడు అసలు గురువు, ప్రొఫెసర్ అట్టిలా. ఇదీ స్టేజీ పేరే, అసలు పేరు లూయీ డర్లాకర్. అతనికి సొంత వ్యాయామశాల ఉండేది. కుర్రాడిలో సరుకుందని గమనించి బరువైన బార్‌బెల్స్ చేతికిచ్చాడు. ఒంటిచేత్తో బరువుని భుజం దాకా తెచ్చి, ఒళ్లు పక్కకి వంచుతూ పైకి లేపే బెంట్ ప్రెస్ నేర్పాడు. తర్వాత రోజుల్లో శాండో ఆ పద్ధతిలో ఒక్క చేత్తో సుమారు 120 కిలోలు ఎత్తాడు.

ఇక్కడ కాస్త ఆగి లెక్క వేద్దాం. పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల దాకా ఆ కుర్రాడు చేసిన పనులేంటి? సర్కస్ విన్యాసాలు, కుస్తీ, బరువులు. డబ్బుల్లేనప్పుడు చిత్రకారుల ముందు, శిల్పుల ముందు మోడల్‌గా గంటల తరబడి కదలకుండా నిలబడటం. అంటే తిండి పెట్టే పనీ ఒంటితోనే, ఖాళీ సమయమూ ఒంటికే. పొద్దున కోచింగ్, మధ్యాహ్నం లైబ్రరీ, రాత్రి మాక్ టెస్ట్ లాంటి టైంటేబుల్ అతనికి లేదు. పైగా పుట్టుకతో వచ్చిన ఎముకల నిర్మాణం, త్వరగా కండ పట్టే శరీరం ఉన్నాయి. అవి ఏ కోర్సులోనూ దొరకవు.

1889లో లండన్‌లో శాంప్సన్ అనే స్ట్రాంగ్‌మ్యాన్ పేరు మోగిపోతోంది. తనను ఓడించినవాళ్లకి 500 పౌండ్లు ఇస్తానని ప్రతి రాత్రీ స్టేజీ మీద సవాలు విసిరేవాడు. అట్టిలా తన శిష్యుణ్ణి పిలిపించాడు. ముందు శాంప్సన్ శిష్యుడు సైక్లోప్స్‌ని, నవంబర్ 2న శాంప్సన్‌నీ కిక్కిరిసిన హాల్లో శాండో ఓడించాడు. ఆ ఒక్క రాత్రితో లండన్ అంతటికీ పేరు తెలిసిపోయింది.

తర్వాత నాలుగేళ్లు బ్రిటన్‌లోని థియేటర్లలో షోలు. రెండు కొసలా బుట్టలుండే బార్‌బెల్‌లో మనుషుల్ని కూర్చోబెట్టి ఎత్తడం, ఛాతీ మీద పలక వేయించుకుని దాని మీదుగా గుర్రాలను నడిపించడం లాంటి ఫీట్లు. అతని వర్కౌట్ ఎంతసేపు అని అడిగితే, షోలన్నీ కలిపే లెక్కపెట్టాలి.

1893లో అమెరికా వెళ్లాక కథ మలుపు తిరిగింది. చికాగో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్న రోజులవి. అక్కడ ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ అనే కుర్ర మేనేజర్ ఒక విషయం పట్టేశాడు. శాండో ఎంత బరువు ఎత్తాడన్నది జనానికి పెద్దగా పట్టట్లేదు. ఎత్తేటప్పుడు కదిలే కండల్నే కళ్లార్పకుండా చూస్తున్నారు. మన భాషలో చెప్పాలంటే యూజర్ డేటా చూసి ప్రోడక్ట్ మార్చేశాడు. బరువులు తగ్గించి, కండల ప్రదర్శన పెంచాడు. నల్లటి తెర ముందు, పై నుంచి సరిగ్గా నీడలు పడే లైటు కింద, పాలరాతి విగ్రహంలా కనపడాలని ఒంటికి తెల్లటి పౌడరు పట్టించుకుని శాండో నిలబడేవాడు. ఒక్కో కండరాన్నీ విడిగా ఆడించేవాడు. ఆ ఫొటోలు ఊరూరా అమ్ముడుపోయాయి. 1894 మార్చిలో ఎడిసన్ స్టూడియోలో అతని కండల్ని సినిమా తీశారు. ప్రపంచంలోని తొలి సినిమాల్లో అదొకటి. అదే ఏడాది పెళ్లి చేసుకున్న బ్లాంచ్ కూడా మాంచెస్టర్‌లోని ఒక ఫొటోగ్రాఫర్ కూతురే.

అంటే ఫొటోలోని ఒంటికీ మామూలు ఒంటికీ తేడా అప్పుడే మొదలైంది. లైటు, యాంగిల్, పౌడరు, బిగబట్టిన ఊపిరి. ఇవాళ ఫిల్టర్ అంటున్నాం, అంతే. షో బిజినెస్ కోసం ఎంత దూరం వెళ్లారంటే, శాన్‌ఫ్రాన్సిస్కోలో సింహంతో కుస్తీ అని టికెట్లు అమ్మారు. తీరా చూస్తే దాని మూతికి చిక్కం, పంజాలకు తొడుగులు. పాపం, ఆ సింహానికి కొట్లాడే ఉద్దేశమే లేకపోయింది.

ఇక కొలతలు. అతని ప్రచారంలో ఛాతీ మామూలుగా 48 అంగుళాలు, ఊపిరి పీలిస్తే 62 అని ఉండేది. తేడా 14 అంగుళాలు, అంటే 35 సెంటీమీటర్ల పైమాటే. పోలీసు ఉద్యోగాలకు ఛాతీ కొలత తీసే చోట అడిగేది 5 సెంటీమీటర్ల విస్తరణ. దాని కోసమే అభ్యర్థులు ఎంత తంటాలు పడతారో గ్రౌండ్‌కి వెళ్లినవాళ్లకి తెలుసు. శాండో కొలతల్ని తర్వాతి తరం నిపుణులు నమ్మలేదు. వీపు కండరాలను రెక్కల్లా విప్పితే టేపు చాలా దూరం జరుగుతుంది, దానికీ ఊపిరితిత్తులకూ సంబంధం లేదు. గ్రౌండ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి: రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసు ఎంపికలో 1600 మీటర్ల పరుగు ఉంది. పొట్ట మీద కనిపించే గీతలకు అక్కడ మార్కుల్లేవు.

1897 నుంచి శాండో అసలు వ్యాపారం మొదలైంది. లండన్‌లోని సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లో వ్యాయామ సంస్థ తెరిచాడు. అదే ఏడాది బలం సంపాదించడం ఎలా అన్న విషయం మీద పుస్తకం తెచ్చాడు. మరుసటి ఏడాది పత్రిక పెట్టాడు. రబ్బరు తాళ్లతో లాగే పరికరం, మధ్యలో స్ప్రింగులుండే డంబెల్స్ అమ్మాడు. ఆ డంబెల్‌ని రెండు సగాలుగా చేసి స్ప్రింగులతో కలిపారు, పట్టు బిగిస్తేనే దగ్గరికొస్తాయి. లండన్ రాలేనివాళ్లకి పోస్టులో పాఠాలు. మీ వయసు, కొలతలు రాసి డబ్బు పంపితే మీకు తగ్గ వ్యాయామాల చార్టు ఇంటికొస్తుంది. నేటి ఫిట్‌నెస్ యాప్‌లో ఉన్నవి దాదాపు అన్నీ ఇందులో ఉన్నాయి, నోటిఫికేషన్ మోత తప్ప.

ఇంతకీ ఆ చార్టులో ఏముంది? రెండు కిలోల చుట్టుపక్కల బరువుండే డంబెల్స్, రోజుకి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. చేస్తున్నప్పుడు మనసంతా ఆ కండరం మీదే పెట్టాలి. తర్వాత చన్నీళ్ల స్నానం. తిండిలో ప్రత్యేక నియమాలేం అక్కర్లేదు, మితంగా తినాలి, కంటినిండా నిద్రపోవాలి.

ఈ సలహాలో మోసం వెతకొద్దు. నిజానికి చాలా మంచి సలహా. రోజంతా కుర్చీలో కూర్చునే గుమస్తా ఏళ్ల తరబడి రోజూ ఇరవై నిమిషాలు ఇలా కదిలితే నడక మారుతుంది, నిద్ర పడుతుంది, భుజాలు నిటారవుతాయి. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆర్థర్ కోనన్ డోయల్ కూడా శాండో దగ్గర వ్యాయామం నేర్చుకున్నవాడే. గొడవ ఎక్కడొస్తుందంటే, చార్టు పక్కన వేసిన ఫొటో దగ్గర. చార్టు పావుగంటది, ఫొటో మాత్రం పదేళ్లది. అట్టిలా దగ్గర మోసిన భారీ బరువులు, రాత్రుళ్ల షోలు, పుట్టుకతో వచ్చిన నిర్మాణం, పౌడరు, లైటు, ఇవేవీ పోస్టులో రావు. శాండో నేరుగా అబద్ధం చెప్పాల్సిన పని కూడా పడలేదు. ఆ రెండింటినీ ఒకే పేజీలో పెడితే చాలు, మిగతాది చదివేవాడే ఊహించుకుంటాడు. కూర్చుని చదువుకుంటున్నప్పుడూ కండరాలను బిగిస్తూ వదులుతూ ఉంటానని శాండోయే చెప్పుకున్నాడు. అదీ కలిపితే అతని రోజులో వ్యాయామం లేని గంట ఎక్కడుంది?

ఈ లెక్క తెలిస్తే నిర్ణయం తీసుకోవడం తేలిక. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్ల దగ్గర ఇరవై నిమిషాలు, కష్టపడితే గంట ఉంటాయి. దానికి ఆరోగ్యం వస్తుంది, దమ్ము వస్తుంది, ఫిజికల్ టెస్టుకు సిద్ధం కావచ్చు. ఫొటోలోని ఒళ్లు కావాలంటే మాత్రం అది ఇంకో ఉద్యోగం. నిద్రవేళలు, వంటగది, హాస్టల్ మెస్, ఫ్రెండ్స్‌తో బిర్యానీ అన్నీ దాని చెప్పుచేతల్లోకి వెళ్తాయి. ఇష్టముంటే చేయొచ్చు, తప్పేం లేదు. కానీ పావుగంట టికెట్ కొని ఆ బండి ఎక్కలేం.

శాండోలో నాకు బాగా నచ్చేది 1901 నాటి పోటీ. మూడేళ్లపాటు జిల్లాల వారీగా ఎంపికలు జరిపి, సెప్టెంబర్ 14న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఫైనల్ పెట్టాడు. బాడీబిల్డింగ్‌లో తొలి పెద్ద పోటీగా దీన్నే చెబుతారు. న్యాయనిర్ణేతలు శిల్పి చార్లెస్ లాస్, కోనన్ డోయల్, వాళ్లతోపాటు శాండో. కండ ఎంత లావుగా ఉందన్నదొక్కటే చూడలేదు. ఒళ్లంతా సమంగా పెరిగిందా, ఆరోగ్యం ఎలా ఉంది, చర్మం ఎలా ఉంది అనేవీ లెక్కలోకి తీసుకున్నారు. నాటింగ్‌హామ్‌కు చెందిన విలియం ముర్రే గెలిచి శాండో బంగారు బొమ్మను అందుకున్నాడు. హాలు నిండిపోయింది, వచ్చిన డబ్బు యుద్ధ సహాయ నిధికి వెళ్లింది. అదే ఏడాది లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం కోసం శాండో ఒంటికి ప్లాస్టర్ అచ్చు కూడా తీశారు.

తర్వాత ప్రపంచ యాత్ర. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా తిరిగి 1904-05లో ఇండియాకి వచ్చాడు. మన దగ్గర అప్పటికే అఖాడాలు, దండాలు, బస్కీల సంప్రదాయం బలంగా ఉంది. కలియుగ భీముడిగా పేరు తెచ్చుకున్న వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు ఇరవైల వయసులో ఉన్న రోజులవి. శాండో వచ్చి మనకు వ్యాయామం నేర్పాడనుకుంటే పొరపాటు. డంబెల్స్‌ని, పుస్తకాన్ని, తన పేరుని మాత్రం వదిలివెళ్లాడు.

1906లో బ్రిటిష్ పౌరుడయ్యాడు. 1911లో ఐదో జార్జి రాజు తనకు వ్యాయామ శాస్త్ర ఆచార్యుడిగా అతన్ని నియమించాడు. అంతకంటే పైకి వెళ్లడానికి ఇంకేం లేదు. వ్యాపారం మాత్రం కోకో పొడి దాకా పాకింది. శాండో పేరుతో ఆరోగ్యం, బలం ఇచ్చే కోకో. ఇప్పటి ప్రొటీన్ డబ్బాల తాతయ్య అనుకోండి. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. జర్మనీలో పుట్టినవాడంటేనే లండన్‌లో అనుమానంగా చూసే రోజులు. యుద్ధం నడుస్తుండగానే కోకో కంపెనీ మూతపడింది.

1925 అక్టోబర్ 14న లండన్‌లోని ఇంట్లో శాండో చనిపోయాడు. 58 ఏళ్లు. గుండె నుంచి వెళ్లే పెద్ద రక్తనాళం ఉబ్బి చిట్లిందన్నది వైద్యుల మాట. గుంతలో పడ్డ కారుని ఒంటిచేత్తో పైకి లాగబోయి పోయాడన్న కథే జనంలో ఎక్కువ తిరిగింది. పట్నీ వేల్ శ్మశానంలో పాతిపెట్టారు. సమాధి మీద రాయి కూడా పెట్టలేదు. దాదాపు ఎనభై ఏళ్లు అది అలాగే పేరు లేకుండా ఉండిపోయింది. 2002లో ఒక అభిమాని ఫలకం పెట్టించాడు. 2008లో మునిమనవడు ఆ స్థలం కొని పెద్ద రాయి నిలబెట్టాడు, దాని మీద శాండో అని ఉంటుంది. 1977 నుంచి మిస్టర్ ఒలింపియా విజేతకు ఇచ్చే ట్రోఫీ కూడా అతని విగ్రహమే, ఒంటిచేత బార్‌బెల్ పట్టుకుని ఉంటుంది. ఆ బార్‌బెల్‌కి రెండు కొసలా ఉన్నవి పెద్ద ఇనుప గుండ్లు. పోస్టులో పంపిన రెండు కిలోల డంబెల్ ఆ బొమ్మలో ఎక్కడా కనిపించదు.