ఇనుపముక్కలలో నాదము వెదకిన జాన్ కేజ్

పెక్కు స్వరములను ఒక్కసారిగా పలికించి, వాని పొందికపై రచనను నిలుపుట పాశ్చాత్య సంగీతమునకు ఆయువుపట్టు. దానిని హార్మనీ యందురు. అది పట్టుబడనివాడు సంగీతరచన చేయబోయినచో గోడ అడ్డు నిలుచుననియు, దానిని దాటజాలడనియు ఆచార్యుడు ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్ తన శిష్యు నొకనిని హెచ్చరించెనట. అట్లయిన ఆ గోడకే జీవితమంతయు తల మోదుకొందునని శిష్యుడు బదులు చెప్పెను. అతడే జాన్ కేజ్.

కేజ్ 1912వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున జన్మించెను. తండ్రి క్రొత్త యంత్రములను కల్పించువాడు. గురువునకు రుసుము చెల్లించు స్తోమత లేక, బ్రతుకు సంగీతమునకే అర్పింతునని మాట యిచ్చి కేజ్ చదువుకొనెను. మాట తప్పరాదు, హార్మనీయా, చేతికి రాదు. ఈ సంకటమే అతనిని తాళవాద్యములవైపు త్రిప్పెను. డప్పునకు హార్మనీతో పనిలేదు. ఎంతసేపు మ్రోగినది, ఎంతసేపు ఊరకున్నది అను కాలగణనమే దానికి ఆధారము. మట్టికుండ ఘటమై సభ కెక్కిన దేశమువారికి ఇది వింత కాదు గాని, అచ్చటివారికి వింతయే.

1938లో అతడు సియాటిల్ నగరపు కార్నిష్ పాఠశాలలో నృత్యమునకు వాద్యసహకారిగా చేరి, ఒక తాళవాద్యబృందమును కూర్చెను. మోటారుబండ్ల బ్రేకు డ్రమ్ములు, తగరపు డబ్బాలు అతనికి వాద్యము లాయెను. 1939 నాటి 'ఫస్ట్ కన్‌స్ట్రక్షన్' అను రచనలో ఎడ్లగంటలు, దాగలులు, ఉరుమువలె ధ్వనించు ఇనుపరేకులు, నీట ముంచి లేపుచు మ్రోగించు కంచుపళ్లెము కలవు. అది గందరగోళము కాదు. పదునారేసి కొలతల భాగములు 16. ఒక్క భాగము ఏ నిష్పత్తిలో విభక్తమైనదో, రచన యంతయు ఆ నిష్పత్తిలోనే విభక్తము. మరునాటి యేట గదిలోని బల్ల, పుస్తకములు, వార్తాపత్రికలు, కిటికీచట్రము మొదలగువానిపై వాయించుటకు వేరొక రచన చేసెను.

ఆ 1940లోనే సివిల్లా ఫోర్ట్ అను నర్తకి తన నృత్యమునకు సంగీతము కోరెను. రంగస్థలము ఇరుకు, బృందమునకు చోటులేదు. ఉన్నది ఒక్క పియానో. కేజ్ దాని తీగలపై పళ్లెము పెట్టి చూచెను, అది ఎగిరిపడెను. మేకు పెట్టగా జారిపోయెను. మరమేకును రెండు తీగల నడుమ దూర్చగా నిలిచెను. స్వరము మారి గంటవలెను డోలువలెను పలికెను. ఒక్కని చేతిక్రిందనే బృంద మంతయు అమరినది!

1946లో అహమ్మదాబాదు వాసిని గీతా సారాభాయి న్యూయార్కునకు వచ్చి అతనివద్ద పాశ్చాత్య సంగీతము నభ్యసించెను. కేజ్ రుసుము గొనలేదు. బదులుగా ఆమెవలన భారతీయ సంగీతము నెరిగెను. మనస్సును శాంతింపజేయుటయే సంగీత ప్రయోజనమని ఆమె చెప్పిన మాట అతనిని కదలించెను. ఆనంద కుమారస్వామి గ్రంథములవలన నవరసములను తెలిసికొని, అవి శాంతమున లీనమగుటను భావించి, 1946–48 నడుమ మరమేకుల పియానోకు 'సొనాటాస్ అండ్ ఇంటర్‌లూడ్స్' రచించెను.

ఊరకుండుటయు కాలగణనములోనిదే గనుక, 1952లో వాద్యకారుడు ఒక్క స్వరమైనను మీటని 4 నిమిషముల 33 సెకండ్ల రచననుగూడ సభకు తెచ్చెను. వేళాకోళ మనుకొన్నవారే పెక్కుమంది. అతని తొలినాళ్ల కృషి నెరిగినవారి కట్లు తోపదు. కేజ్ 1992 ఆగస్టు 12వ తేదీన న్యూయార్కున మరణించెను.

సొనాటాలకై 45 స్వరముల తీగలలో ఏ మరమేకు, ఏ రబ్బరుముక్క ఎన్ని అంగుళముల దూరమున నుంపవలెనో అతడు పట్టిక వ్రాసి యుంచెను. నేటికిని వాయించువారు ఆ పట్టిక ముందుంచుకొని, గంటలకొలది పియానోను సిద్ధపరచుకొందురు. అయినను ఏ రెండు పియానోలును ఒక్కరీతి పలుకవు.