మునిసిపాలిటీలతో దావా వేసిన వకీలు గాంధీజీ

గాంధీజీ అనగానే పిల్లలు మొదలుకొని పెద్దల వరకు ఉప్పు సత్యాగ్రహం, రాట్నం, క్విట్ ఇండియా అని చెబుతారు. బడి పుస్తకాల్లో ఉన్నది కూడా ఎక్కువగా అదే. కాని ఆయన సుమారు ఇరవై ఏళ్లు వకీలుగా పనిచేశారనీ, ఆయన కక్షిదారుల్లో చాలామంది ముస్లిం వ్యాపారులేననీ, పట్టణ కౌన్సిళ్లకూ మామూలు మనిషికీ మధ్య వచ్చిన తగాదాల్లో ఆయన ఎన్నోసార్లు నిలబడ్డారనీ తక్కువమందికి తెలుసు. మన సొసైటీ కుటుంబాల్లో దుకాణం పెట్టుకుని బతికేవారు, చిన్న ఇల్లు తప్ప వేరే ఆస్తి లేనివారు ఉన్నారు. కాబట్టి ఈ సంగతులు మనకు పనికొస్తాయి.

గాంధీజీ 1869 అక్టోబరు 2న పోరుబందరులో జన్మించారు. 1891లో లండన్‌లో బారిస్టరు పట్టా పొంది తిరిగి వచ్చారు. బొంబాయిలో వకాలత్ సాగలేదు. మొదటి కేసులోనే సాక్షిని ప్రశ్నించడానికి లేచి, నోరు పెగలక కూర్చుండిపోయారు. రాజకోటలో అర్జీలు రాసుకుంటూ ఉండగా దాదా అబ్దుల్లా కంపెనీ వారి నుంచి పిలుపు వచ్చింది. వారు పోరుబందరు మేమన్లు. దక్షిణాఫ్రికాలో 40,000 పౌండ్ల దావా, ఏడాది పని, 105 పౌండ్ల జీతం. 1893లో ఆయన డర్బన్‌లో ఓడ దిగారు. ప్రతివాది తయ్యబ్ సేఠ్ కూడా దాదా అబ్దుల్లాకు దగ్గరి చుట్టమే. కోర్టు ఖర్చులకే ఇద్దరూ దివాలా తీస్తారని గ్రహించి గాంధీజీ వారిని మధ్యవర్తి ముందు కూర్చోబెట్టారు. ఓడిన తయ్యబ్ సేఠ్ ఆ సొమ్మును వాయిదాల మీద కట్టుకునేలా కూడా ఒప్పించారు. ఎవరి పరువూ పోలేదు.

1894లో నాటాల్ సుప్రీం కోర్టులో వకీలుగా చేరబోతే అక్కడి న్యాయవాదుల సంఘం అడ్డుపడింది. చట్టంలో తెల్లవాడు, నల్లవాడు అనే తేడా లేదని కోర్టు ఫైసలా ఇచ్చింది. అలా ఆ దేశంలో ఆయన వకాలత్ మొదలయింది.

1897లో నాటాల్ ప్రభుత్వం వ్యాపార లైసెన్సుల చట్టం తెచ్చింది. అందులో భారతీయులు అన్న మాట ఎక్కడా లేదు. కాని లైసెన్సు ఇచ్చే ఆఫీసరును నియమించేది పట్టణ కౌన్సిల్. ఆయన కాదంటే అప్పీలు వినేది మళ్లీ ఆ కౌన్సిలే. ఆ పైన కోర్టుకు పోయే దారి లేదు. కౌన్సిల్‌లో కూర్చునేవారిలో తెల్ల దుకాణదార్లూ ఉండేవారు. ఎదుటి అంగడి మూయించాలా వద్దా అన్నది ఈ అంగడివాడే తేల్చాలంటే ఇన్సాఫ్ ఎట్లా దొరుకుతుంది?

1898లో డర్బన్‌లో సోమనాథ్ మహరాజ్ అనే ఆయనకు లైసెన్సు ఇవ్వలేదు. ఆయన తరఫున గాంధీజీ కౌన్సిల్ ముందు నిలబడి రెండే అడిగారు. ఎందుకు ఇవ్వలేదో కారణం చెప్పండి, రికార్డు నకలు ఇవ్వండి అని. రెండూ ఇవ్వలేదు. వ్యవహారం సుప్రీం కోర్టుకు పోయింది. నకలు ఇవ్వకుండా అప్పీలు వినడం తప్పని కోర్టు ఆ విచారణను రద్దు చేసింది. కౌన్సిల్ మళ్లీ కూర్చుంది. ఈసారి కారణం చెప్పి మరీ కాదన్నది. అట్లాంటి వ్యాపారం ఊళ్లో సరిపడా ఉందట!

న్యూకాజిల్ అనే పట్టణంలో అయితే అంతకు ముందునుంచీ లైసెన్సు ఉన్న భారతీయ వ్యాపారులకే కొత్త ఏడాదికి నిరాకరించారు. ఆ కేసు లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి ఓడిపోయింది. అప్పీలు లేదని చట్టం చెబుతుంటే కోర్టు ఏమీ చేయలేదన్నారు. ఉన్న లైసెన్సు తిరిగి ఇవ్వకపోతే కోర్టుకు పోయే హక్కు 1909లో చట్టం సవరించాక గాని రాలేదు. ఈ మధ్యకాలంలో ఎన్ని దుకాణాల తలుపులు మూతపడ్డాయో ఊహించుకోవచ్చు.

1903లో గాంధీజీ జోహాన్నెస్‌బర్గులో వకాలత్ పెట్టారు. అక్కడ భారతీయులు ఉండే పేట ఒకటి ఉండేది. తమిళులు, తెలుగువారు, ఉత్తరాది వారు 99 ఏళ్ల పట్టాల మీద అందులో ఇళ్లు కట్టుకున్నారు. మునిసిపాలిటీ రోడ్లు వేయలేదు, పాయఖానాలు శుభ్రం చేయించలేదు. ఆఖరుకు పేట మురికిగా ఉందని చెప్పి మొత్తం స్వాధీనం చేసుకుంది. అయితే నష్టపరిహారం చాలదనుకుంటే వేరే ట్రిబ్యునల్ ముందు వాదించుకునే వీలు ఉండింది. ట్రిబ్యునల్ ఎక్కువ ఇప్పిస్తే ఖర్చులు మునిసిపాలిటీయే భరించాలి.

గాంధీజీ సుమారు 70 కేసులు తీసుకున్నారు. పట్టా ఒక్కింటికి 10 పౌండ్లు, ట్రిబ్యునల్ ఇప్పించే ఖర్చులు, అంతే ఫీజు. ఓడిపోయింది ఒకే ఒక్క కేసు.

కాని గెలిచిన వారి కష్టం అంతటితో తీరలేదు. ఇళ్లు మునిసిపాలిటీవయ్యాయి, జనం మాత్రం అద్దెదారులుగా అక్కడే ఉన్నారు. కిక్కిరిసిపోయారు. రోగాలు వస్తాయని 1904 ఫిబ్రవరిలోనే గాంధీజీ పట్టణ వైద్యాధికారికి ఉత్తరాలు రాశారు. ఎవరూ కదలలేదు. మార్చిలో ప్లేగు వచ్చింది. గాంధీజీ, ఆయన మిత్రులు ఒక ఖాళీ ఇంటి తాళం పగలగొట్టి 23 మంది రోగులను పడుకోబెట్టి సేవ చేశారు. వారిలో చాలామంది చనిపోయారు. పేటను ఖాళీ చేయించి, జనాన్ని 13 మైళ్ల దూరాన డేరాల్లో పెట్టి, ఇళ్లన్నీ తగలబెట్టారు. పేదలు నేలలో పాతిపెట్టుకున్న డబ్బు తవ్వి తీసి గాంధీజీ చేతికి ఇచ్చారు. దాదాపు 60,000 పౌండ్లు! ఆయన లెక్క రాసి బ్యాంకులో జమ చేయించారు.

తర్వాత 1906 సెప్టెంబరు 11న జోహాన్నెస్‌బర్గు సభలో సేఠ్ హాజీ హబీబ్ అల్లా సాక్షిగా ప్రతిజ్ఞ ప్రతిపాదించగా సత్యాగ్రహం పుట్టింది. 1948 జనవరి 30న గాంధీజీ హత్యకు గురయ్యేదాకా జరిగిన కథ అందరికీ తెలిసిందే.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. వకీలు ఆయనే, శ్రద్ధ అదే. డర్బన్‌లో చేతికి రాని ఇన్సాఫ్ జోహాన్నెస్‌బర్గులో దొరికింది. కారణం, అక్కడ మునిసిపాలిటీ తన తగాదాకు తానే జడ్జీ కాలేదు. ఈనాడు మన దేశంలో హైకోర్టు తలుపు తెరిచే ఉంది. కాని ఆ తలుపు దాకా పోవాలంటే చేతిలో కాగితం ఉండాలి. మునిసిపాలిటీ నోటీసు వస్తే భయపడి దాచిపెట్టకండి, కోపంతో చించెయ్యకండి. తారీఖు చూడండి, గడువు లెక్కపెట్టండి, కారణం రాతలో అడగండి, నకలు తీసుకోండి, పన్ను రసీదులు భద్రం చేయండి. చదవడం రాకపోతే చదువుకున్న పిల్లవాణ్ణి పిలవండి. మన బిడ్డల్ని చదివించేది ఇందుకు కూడా.