కంటకశైలం తూర్పు వాకిట బోధిసిరి

ఘంటసాల మహాచైత్యానికి తూర్పు వాకిట ఒకప్పుడు ఒక రాతి మండపం ఉండేది. దూరం నుంచి వచ్చిన యాత్రికులు, రేవులో ఓడ దిగిన వర్తకులు, ఊళ్లోని ఆడవాళ్లు ఆ నీడన కూర్చుని ధమ్మం విని ఉంటారు. ఆ మండపం కట్టించింది రాజు కాదు, మంత్రి కాదు. బోధిసిరి అనే ఒక గృహిణి. దాదాపు 1,750 ఏళ్ల కిందటి మనిషి. బౌద్ధ శాసనాలు చదివేవాళ్లకు దేశదేశాల్లో ఆమె పేరు బాగా తెలుసు. ఆమె మండపం కట్టించిన దివిసీమ పక్క ఊళ్లలో మాత్రం ఆ పేరు ఎత్తేవాళ్లు తక్కువ.

ఆమె కథ మనకు దొరికింది నాగార్జునకొండలో. 1926లో ఆ లోయలోని శిథిలాలు వెలుగులోకి వచ్చాక లాంగ్‌హర్స్ట్ అక్కడ తవ్వకాలు జరిపాడు. చుళధమ్మగిరి అనే చిన్న కొండ మీద ఒక చైత్యగృహం బయటపడింది. దాని నేలరాళ్ల మీద ప్రాకృతంలో పొడవైన శాసనం ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీస్తు శకం మూడో శతాబ్దంలో, బోధిసిరి చెక్కించినది అది. డచ్ పండితుడు వోగెల్ దాన్ని చదివి ప్రచురించాడు. ఆమె జీవితం గురించి మనకు తెలిసిందంతా ఆ రాళ్ల మీదిదే.

వ్యాపారుల ఇంటి ఆడబిడ్డ

బోధిసిరి తాత మూల, తండ్రి బుధి. ఇద్దరి పేర్లకూ వాణియ అనే మాట తగిలించి ఉంది, అంటే వర్తకులు. మేనమామ భద కోఠాకారికుడు, అంటే కొట్టు బాధ్యత చూసే ఉద్యోగి. భర్త పేరు బుధింనక. మామ రేవత గోవగామంలో కాపురముండే గృహపతి. బోధిసిరి కొడుకులు నాగంన, వీరంన. కోడళ్లు భదసిరి, మిసి. నాగంన, వీరంన అన్న పేర్లు చూడండి. ఇవాళ మన వాడల్లో పిలుచుకునే నాగన్న, వీరన్న వాళ్లే. ప్రాకృత శాసనం మధ్యలో తెలుగు ఇల్లు ఒకటి తలుపు తీసినట్టు ఉంటుంది.

ఇంతమంది పేర్లు ఆమె ఎందుకు చెక్కించింది? తాను చేసిన దానపు పుణ్యం తనకొక్కదానికే దక్కాలని ఆమె కోరుకోలేదు. భర్త వైపువాళ్లు, పుట్టింటివాళ్లు, అమ్మమ్మలు, అక్కచెల్లెళ్లు, కోడళ్లు, అందరినీ తలుచుకుంది. ఆఖరికి లోకమందరి హితాన్నీ సుఖాన్నీ కోరింది. పుణ్యాన్ని పంచుకోవచ్చన్న నమ్మకం ఆనాటి బౌద్ధుల ఆచరణలో ముఖ్యమైనది. మంచి పనిని ఒకరి ఆస్తిగా చూడకపోవడం దాని సారం.

అప్పటి రాజుల తీరు వేరు. వీరపురుషదత్తుడి తండ్రి శాంతమూలుడు అగ్నిష్టోమం, వాజపేయం, అశ్వమేధం చేసిన వైదికుడు. అదే ఇంటి ఆడవాళ్లు బౌద్ధానికి చైత్యాలు, విహారాలు కట్టించారు. రాజు మేనత్త శాంతిసిరి నాగార్జునకొండ మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. ఆమెకు రాజకుటుంబం అండ ఉంది. బోధిసిరికి అది లేదు. ఉన్నది వ్యాపారంలో కూడిన డబ్బు, దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో తెలిసిన బుద్ధి.

ఆమె దానాల్లో కనిపించే ధమ్మం

చుళధమ్మగిరి చైత్యగృహం ఒక్కటే కాదు, అంతకుముందు తాను చేసిన పనుల జాబితా కూడా ఆమె శాసనంలో ఉంది. కులహ విహారంలో చైత్యగృహం. సింహళ విహారంలో బోధివృక్షానికి ఆలయం. మహాధమ్మగిరి మీద ఒక గది. మహావిహారంలో మండప స్తంభం. దేవగిరిలో పధానశాల. పూర్వశైలంలో చెరువు, వసారా మండపం. కంటకశైలంలో, అంటే మన ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం. హిరుముఠువలో మూడు గదులు, పపిలలో ఏడు. పుఫగిరిలో మరో రాతి మండపం.

ఈ జాబితాను చదివితే ఆనాటి బౌద్ధం ఎలా నడిచిందో అర్థమవుతుంది. చైత్యం బుద్ధుణ్ణి తలుచుకునే చోటు. ధాతువులను లోపల ఉంచి కట్టిన దిబ్బ చుట్టూ జనం ప్రదక్షిణ చేసేవారు. బోధిచెట్టు సిద్ధార్థుడు ఒక మనిషిగా, తన ప్రయత్నంతో సత్యం తెలుసుకున్న చోటుకు గుర్తు. గదులు భిక్షువులకు. ఏడాదంతా ఊరూరా తిరిగేవాళ్లు వానాకాలం మూడు నెలలు ఒకచోట ఆగాలన్నది వినయ నియమం. పధానశాల ధ్యాన సాధనకు. చెరువు అందరి దాహానికి. మండపం వినడానికి వచ్చినవాళ్లకు.

అక్కడ వాళ్లు వినేది ఏమిటి? దుఃఖం ఉంది. దానికి కారణం ఉంది, ఆ కారణం తృష్ణ. దుఃఖం తీరే అవకాశం ఉంది. తీర్చుకునే దారి ఉంది, అది అష్టాంగ మార్గం: సరైన చూపు, సంకల్పం, మాట, పని, జీవనోపాధి, ప్రయత్నం, ఎరుక, ఏకాగ్రత. గృహస్థులకు పంచశీలాలు. చంపకూడదు, దొంగతనం చేయకూడదు, లైంగిక దుర్మార్గం కూడదు, అబద్ధం ఆడకూడదు, మత్తు పదార్థాలు తీసుకోకూడదు. మనిషి విలువ పుట్టుకలో లేదు, చేతల్లో ఉంది. బుద్ధుడు శాక్య రాకుమారుల కంటే ముందు మంగలి ఉపాలికి దీక్ష ఇచ్చాడని, వాళ్లు అతనికి నమస్కరించాల్సి వచ్చిందని పాళీ గ్రంథాలు చెబుతాయి. మొదటి సంగీతిలో వినయాన్ని వల్లించింది ఆ ఉపాలే. వాడిన పూలు ఎత్తిపోసే సునీతుడు కూడా సంఘంలో చేరి థేరుడయ్యాడు.

ఒక శాఖకు కట్టుబడని దాత

బుద్ధుడు పోయిన సుమారు నూరేళ్లకు వినయ నియమాల మీద వాదాలు పెరిగి, సంఘం స్థవిరవాదులుగా, మహాసాంఘికులుగా చీలింది. ఆంధ్ర దేశంలో బలంగా ఉన్న పూర్వశైల, అపరశైల నికాయాలు మహాసాంఘికుల కొమ్మలు. బహుశ్రుతీయులకు, మహీశాసకులకు కూడా నాగార్జునకొండలో విహారాలు ఉన్నాయి. తర్వాత మహాయానం వచ్చింది, ఆచార్య నాగార్జునుడి శూన్యవాదం దానికి పునాది. ఆ తర్వాత వజ్రయానం.

బోధిసిరి చుళధమ్మగిరి చైత్యగృహాన్ని ఇచ్చింది తామ్రపర్ణి థేరులకు, అంటే సింహళం నుంచి వచ్చిన స్థవిరవాదులకు. కశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, ద్రవిడ దేశాల్లో ధమ్మాన్ని వ్యాపింపజేసినవాళ్లుగా శాసనం వాళ్లను చెబుతుంది. అదే మనిషి పూర్వశైలులకు చెరువు తవ్వించింది. సిద్ధాంతాల మీద పండితులు తగువుపడుతున్న కాలంలో ఆమె చెయ్యి ఒక గుంపు దగ్గరే ఆగలేదు. ఉపకులాల గోడల మధ్య చీలిపోయిన మనకు ఇది పనికొచ్చే సంగతి.

ఘంటసాల దాకా ఆమె దానం రావడంలో వింత లేదు. రెండో శతాబ్దపు టాలెమీ భూగోళంలో కొంటకొస్సిల అనే వర్తక కేంద్రం ఉంది. అది ఈ ఊరే. ఇక్కడ దొరికిన శాసనాల్లో శివకుడనే మహానావికుడు కనిపిస్తాడు. కృష్ణ పొడవునా సరుకు దిగి సముద్రం మీదికి పోయేది. ఆ దారినే భిక్షువులు నడిచారు. వర్తకుల కూతురికి రేవు ఊరు కొత్త కాదు.

పనివాళ్ల పేర్లు

శాసనం చివర బోధిసిరి ఇంకో పని చేసింది. నిర్మాణం చూసిన చందముఖ, ధమ్మనంది, నాగ అనే ముగ్గురు థేరుల పేర్లతో పాటు రాయి చెక్కిన విధికుడి పేరు కూడా పెట్టించింది. కట్టించినవాళ్ల పేర్లే మిగిలే దేశంలో కట్టినవాడి పేరు మిగిలింది.

అమరావతిలో ఇంకో విధికుడు ఉన్నాడు. అతను వేరే మనిషి, వృత్తి చమ్మకారుడు, తోలుపని. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లతో కలిసి అమరావతి స్తూపానికి పూర్ణఘటం చెక్కిన పలక దానం చేశాడు. అతని తండ్రి నాగుడిని శాసనం ఉపాధ్యాయుడని చెబుతుంది. తోలుపని చేసే ఇంట్లో ఉపాధ్యాయుడు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ రాజముద్ర నడుమ ఉన్నదీ అమరావతి కళ నుంచి తీసుకున్న పూర్ణఘటమే. అలాంటి ఘటాన్ని స్తూపానికి ఇచ్చిన వాళ్లలో ఒక చర్మకారుడు ఉన్నాడని పాఠ్యపుస్తకాలు పిల్లలకు గట్టిగా చెప్పాలి.

అలాగని ఆ కాలాన్ని స్వర్ణయుగం చేయనక్కర్లేదు. బోధిసిరి కలిగిన ఇంటి మనిషి. ఆ ఇటుకలు మోసిన కూలీలు, పొలాల్లో ఒంగి పనిచేసిన ఆడవాళ్లు ఏ రాతి మీదా లేరు. అయినా ఈ శాసనం మనుషులను సంబంధంతో, ఊరితో, వృత్తితో గుర్తుపట్టింది. వర్ణంతో గుర్తుపట్టలేదు.

మిగిలింది, పోయింది

ఓడల వ్యాపారం తగ్గింది. ఇక్ష్వాకుల రాజ్యం పోయింది. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకం వచ్చేసరికి చాలా విహారాలు పాడుబడి, ఇరవై దాకా మాత్రమే నడుస్తున్నాయి. ఘంటసాల మహాచైత్యం మట్టిదిబ్బ అయింది. అలెగ్జాండర్ రీ దాన్ని తవ్వి 1894లో వివరాలు అచ్చువేశాడు. ఇక్కడి శిల్పాల్లో కొన్ని పారిస్‌లోని గిమె మ్యూజియం చేరాయి. బోధిసిరి తిరిగిన నాగార్జునకొండ లోయ సాగర్ జలాశయం కింద మునిగింది.

బౌద్ధం ఎందుకు నిలవలేదన్న ప్రశ్న అంబేడ్కర్‌నూ వేధించింది. సంఘంలో చేరే భిక్షువుకు దీక్ష ఉంది, ధమ్మాన్ని నమ్మే గృహస్థుకు ప్రత్యేక దీక్ష లేదు, అది పెద్ద లోపమని ఆయన గుర్తించాడు. బోధిసిరి లాంటివాళ్లు విహారాలను పోషించారు గానీ వాళ్ల తర్వాతి తరాలను ధమ్మానికి కట్టి ఉంచే ముడి లేకపోయింది. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన లక్షలమంది గృహస్థుల చేతనే త్రిశరణాలు, పంచశీలాలు, 22 ప్రతిజ్ఞలు చేయించాడు. పొలం పనికి వెళ్లే మనిషి, మిల్లులో కూలి చేసే మనిషి బౌద్ధులయ్యారు. బోధిసిరి తన పేరు ముందు పెట్టుకున్న ఉపాసిక అన్న మాటకు ఆ రోజు కొత్త బలం వచ్చింది.

భట్టిప్రోలు స్తూపానికి ఎంతో దూరం లేని చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను నరికి చంపారు. చంపకూడదన్న మొదటి శీలాన్ని శతాబ్దాల పాటు విన్న నేల ఇది. ఆ మాట ఈ నేలకు మళ్లీ వినిపించాల్సిన పని ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఘంటసాల వెళ్తే పిల్లలను తూర్పు వైపుకు తీసుకెళ్లండి. ఇక్కడ నీడ కట్టించింది బోధిసిరి అని, నాగన్న, వీరన్నల తల్లి అని చెప్పండి. రాయి చెక్కిన విధికుడి పేరు కూడా చెప్పండి.