భాష రాని దేశంలో పిక్థాల్

సికింద్రాబాద్ పాస్‌పోర్టు కార్యాలయం నుంచి బయటికి వచ్చే మన యువకుల్ని అడిగి చూడండి. టికెట్ డబ్బుల తర్వాత వారిని కలవరపెట్టేది భాషే. మనం చిన్ననాటి నుంచే ఖుర్ఆన్ పారాయణం చేస్తాం, కాని రియాద్‌లో దిగాక అక్కడి దుకాణదారుని మాట మనకు అంతుపట్టదు. ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా మాకు ముహమ్మద్ మర్మడ్యూక్ పిక్థాల్ గుర్తుకొస్తారు.

ఆయన 1875లో లండన్‌లో ఒక క్రైస్తవ మతగురువు ఇంట జన్మించారు. విదేశాల్లోని బ్రిటిష్ కార్యాలయాల్లో ఉద్యోగం ఆశించినా అది దక్కలేదు. 1894లో, ఇరవయ్యేళ్ళు నిండకముందే, ఈజిప్టుకూ అక్కడి నుంచి పాలస్తీనాకూ బయలుదేరారు. పెద్దల పేర పరిచయ లేఖలు జేబులో ఉన్నాయి. వాటిని వాడుకుంటే తెల్లవారి ఇళ్ళలో, తన భాషలోనే సుఖంగా గడిచిపోయేది. కాని ఆయన వాటిని నెలల తరబడి బయటికి తీయలేదు. అరబ్బుల దుస్తులు ధరించారు, గుర్రమెక్కి పల్లెలు తిరిగారు, వారితో కలిసి భోంచేశారు. సులైమాన్ అనే దుబాసీ, రషీద్ అనే సిపాయి ఆయన రాసిన పుస్తకంలో కనిపిస్తారు. ఆయనకు అరబీ నేర్పిన బడి ఈ సావాసమే. చివరికి ఆయన ఆ వేషంలోనే జెరూసలేం చేరితే తోటి ఆంగ్లేయులు మొహం చిట్లించారు!

డమాస్కస్‌లోని పెద్ద మస్జిద్‌లో ఒక వృద్ధ విద్వాంసుని వద్ద అరబీ చదువుతూ, ఇస్లాం స్వీకరిస్తానన్నారు. ఆ పెద్దాయన తొందరపెట్టలేదు. ఇంటి దగ్గర ఉన్న తల్లిని తలచుకొని, వయసు వచ్చాక నిర్ణయించుకోమన్నారు. శిష్యుణ్ణి చేర్చుకోవాలనే ఆత్రం లేని ఆ గురువు అంటే మాకెంతో గౌరవం. పిక్థాల్ బహిరంగంగా ఇస్లాం ప్రకటించింది 1917లో.

1920లో బొంబాయికి పత్రికా సంపాదకులుగా వచ్చారు. 1925లో నిజాం ప్రభుత్వ కొలువులో చేరి, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయులయ్యారు. 1927లో మొదలైన ‘ఇస్లామిక్ కల్చర్’ త్రైమాసికాన్ని నడిపారు. ఖుర్ఆన్ ఆంగ్లానువాదం పూర్తి చేయడానికి నిజాం ఆయనకు జీతంతో కూడిన సెలవు మంజూరు చేశారు.

అప్పటికి ఆయన అరబీతో మెలగడం మొదలై ముప్పై ఏళ్ళు దాటింది. అయినా తన పరిజ్ఞానం చాలునని అనుకోలేదు. 1929లో రాతప్రతి పట్టుకొని కైరో వెళ్ళారు. అసలు అనువాదమే కూడదనే ఉలమాలు అక్కడ ఉన్నారు. ఆయన శ్రమంతా వృథా అయ్యే పరిస్థితి. అయినా వెనుదిరగక, కైరో వైద్య కళాశాలకు చెందిన ముహమ్మద్ అహ్మద్ గమ్రావీతో కూర్చొని గ్రంథమంతా సరిచూసుకున్నారు. 1930లో అచ్చయినప్పుడు దానికి ఖుర్ఆన్ అని పేరు పెట్టలేదు, ఖుర్ఆన్ భావం అన్నారు. దైవవాణిని మరో భాషలోకి మార్చడం అసాధ్యమని ఆయన నమ్మకం.

1935లో హైదరాబాద్ విడిచి స్వదేశం వెళ్ళారు. 1936 మేలో మరణించారు. ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్ శ్మశానంలో, ముస్లింల భాగంలో ఆయన సమాధి ఉంది.