యూనిఫాం వేసిన హార్న్ విద్వాంసుడు - డెన్నిస్ బ్రెయిన్

మన సంచికల్లో యుద్ధవీరుల జీవితాలు ఎన్నో చదువుతుంటాం. బ్యాండు వాళ్ల గురించి రాసేవారు తక్కువ. మిలిటరీ బ్యాండులో ఇరవై రెండేళ్లు ఫ్రెంచ్ హార్న్ వాయించి రిటైరయిన వాణ్ణి కనుక, మా వాద్యానికి గురువులాంటి ఒకాయన గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. ఆయన కూడా యూనిఫాం వేసినవారే.

డెన్నిస్ బ్రెయిన్ 1921 మే 17న లండన్‌లో పుట్టారు. తాత, పెదనాన్న, తండ్రి అందరూ హార్న్ వాద్యకారులే. తండ్రి ఆబ్రీ బ్రెయిన్ బిబిసి సింఫనీ ఆర్కెస్ట్రాలో ప్రధాన హార్న్ వాద్యకారుడు. అయినా ఆయన కొడుకుని తొందరపెట్టలేదు. పళ్లు, పెదవులు కుదురుకునే వయసు రాకముందే గట్టి సాధన చేయిస్తే చేటని ఆయన నమ్మకం. అందుకే చిన్నప్పుడు డెన్నిస్‌కి దక్కింది వారానికోసారి నాన్న హార్న్ మీద నాలుగు స్వరాలు ఊదే అవకాశమే. పదిహేనేళ్లకి రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరి, తండ్రి దగ్గరే హార్న్ నేర్చుకున్నారు. 1938 అక్టోబరులో తండ్రి పక్కన రెండో హార్న్‌గా తొలి కచేరీ చేశారు.

తండ్రి అంత ఓపిక ఎందుకు పట్టాడో హార్న్ పట్టినవాడికి తెలుస్తుంది. మామూలు హార్న్ చుట్టలు విప్పితే గొట్టం సుమారు 12 అడుగులుంటుంది. ఎడమచేతి వేళ్ల కింద మీటలు మాత్రం మూడో, నాలుగో. మిగతాదంతా ఊపిరి, పెదవుల బిగువే. పై స్థాయిలో స్వరాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పెదవి వెంట్రుకవాసి తేడా వస్తే పక్క స్వరం పలికి పరువు పోతుంది. కొత్త కుర్రాళ్లు పై స్వరం కోసం మౌత్‌పీస్‌ని పెదవులకేసి నొక్కేస్తారు. ఆ పూటకి స్వరం వస్తుంది గానీ, మర్నాటికి పెదవి వాచి పరేడ్‌కి పనికిరారు. నేను చూసినంతలో, పట్టుదల ఎక్కువున్న కుర్రాళ్లే ముందు దెబ్బతినేవారు. అందుకే పొద్దున్నే మధ్య స్థాయిలో మెల్లగా మొదలుపెట్టి, ఒక్కో స్వరాన్ని పెంచి, మళ్లీ తగ్గించి ఆపమనేవాణ్ణి. ఇరవై నిమిషాలు వాయిస్తే కాసేపు విశ్రాంతి. పెదవి అలిసిపోయాక చేసేది సాధన కాదు.

1939లో యుద్ధం వచ్చింది. డెన్నిస్, ఓబో వాయించే అన్న లియొనార్డ్ ఇద్దరూ రాయల్ ఎయిర్ ఫోర్స్ సెంట్రల్ బ్యాండులో చేరారు. సర్వీసులో ఉండగానే ఆయన పేరు దేశమంతా తెలిసింది. ఆయన వాద్యం విన్న బెంజమిన్ బ్రిటన్ 1943లో టెనార్ గొంతుకి, హార్న్‌కి, తీగ వాద్యాలకి సెరెనేడ్ రాశారు. దాని మొదట్లో, చివర్లో హార్న్ ఒంటరిగా, మీటలు నొక్కకుండా, కేవలం పెదవులతో వాయించాలి.

యుద్ధం తర్వాత ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాలో ప్రధాన హార్న్ వాద్యకారుడయ్యారు. 1953లో కారయాన్ నిర్వహణలో మోజార్ట్ హార్న్ కచేర్తోలు నాలుగూ రికార్డు చేశారు. నేటికీ హార్న్ విద్యార్థులు వాటినే ముందుగా వింటారు. 1956లో లండన్‌లో ఒక హాస్య సంగీతోత్సవంలో, తోటకి నీళ్లు పెట్టే రబ్బరు గొట్టంతో లియోపోల్డ్ మోజార్ట్ సంగీతం వాయించారు. జనం నవ్వారు. మాబోటి వాళ్లకి మాత్రం అదొక పాఠం. నాదం పుట్టేది ఇత్తడిలో కాదు, మనిషి పెదవుల దగ్గర.

ఆయనకి కార్లంటే మహా ఇష్టం. 1957 ఆగస్టు ఆఖర్లో ఎడింబరోలో కచేరీ ముగించుకుని, రాత్రికి రాత్రే ఒంటరిగా లండన్‌కి బయల్దేరారు. దాదాపు నాలుగువందల మైళ్ల దారి. సెప్టెంబరు 1 తెల్లవారుజామున, ఇల్లు ఇంక దగ్గరపడుతుండగా, హ్యాట్‌ఫీల్డ్ వద్ద కారు రోడ్డు తప్పి చెట్టుకి గుద్దుకుంది. అప్పటికి ఆయనకి 36 ఏళ్లు. ప్రమాదంలో నలిగిపోయిన ఆయన హార్న్‌ని తర్వాత బాగుచేశారు. అది రాయల్ అకాడమీ సేకరణలో చేరింది.

సోదరులారా, పెదవికి విశ్రాంతి కావాలని ప్రతి హార్న్ వాద్యకారుడికీ తెలుసు. కళ్లకీ అంతే. సెలవు మంజూరైన రాత్రే బండి తీసి ఊరికి బయల్దేరే మనవాళ్లు ఎందరో ఉన్నారు. తెల్లవారాక బయల్దేరండి. ఇంట్లోవాళ్లు ఒక పూట ఆలస్యమైనా ఎదురుచూస్తారు.