యంత్రమిత్రుడు లిక్‌లైడర్

1957వ సంవత్సరం వసంత, గ్రీష్మ మాసాలలో అమెరికాలోని ఒక మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన పనివేళలను తానే లెక్క కట్టుకొన్నాడు. ఏ పనికి ఎంత కాలం వెచ్చిస్తున్నదీ వ్రాసుకొంటూ పోగా, ఆలోచనకని కేటాయించుకొన్న కాలంలో నూటికి 85 పాళ్లు ఆలోచనకు సిద్ధం కావడానికే సరిపోతున్నట్లు తేలింది. సమాచారాన్ని వెదకడం, అంకెలను ఒక దారికి తేవడం, గ్రాఫులు గీయడం, ఎలా గీయాలో సహాయకునికి నేర్పడం - ఇదే ఆయన దినచర్య. గ్రాఫు పూర్తయితే అందులోని భావం క్షణంలో బోధపడేది. కాని ఆ క్షణం కోసం గంటలు వ్యయమయ్యేవి. పండితుని కాలమంతా గుమాస్తా పనికే చెల్లిపోతున్నదన్నమాట!

ఆ శాస్త్రజ్ఞుడే జోసెఫ్ కార్ల్ రాబ్నెట్ లిక్‌లైడర్. మిత్రులు ఆయనను 'లిక్' అని పిలిచేవారు. 1915 మార్చి 11న మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరంలో ఒక బాప్టిస్టు మతబోధకునికి ఏకైక సంతానంగా జన్మించాడు. బాల్యంలో నమూనా విమానాల మీద, యౌవనంలో పాతకార్ల మీద ఆయనకు మక్కువ. 1937లో భౌతిక, గణిత, మనస్తత్వ శాస్త్రాలు మూడింటిలోనూ పట్టం పొందాడు. శబ్దాన్ని చెవి, మెదడు గ్రహించే తీరుపై పరిశోధించి 1942లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు అందుకొన్నాడు. యుద్ధకాలంలో హార్వర్డ్‌లో, విమానాల హోరు నడుమ మాట స్పష్టంగా వినిపించే మార్గాలను అన్వేషించాడు.

1950లో ఆయన ఎం.ఐ.టి.లో చేరాడు. అక్కడ గగనతల రక్షణకై నిర్మిస్తున్న 'సేజ్' వ్యవస్థలో, సైనికులు తెరపై కనబడే చుక్కను కాంతిగ్రాహక సాధనంతో చూపగానే కంప్యూటరు స్పందించేది. ఇతర చోట్ల మాత్రం రంధ్రాలు చేసిన కార్డుల కట్టను గవాక్షంలో అప్పగించి, ఫలితం కోసం గంటల తరబడి నిరీక్షించవలసిందే. ఈ వ్యత్యాసం లిక్‌లైడర్ మనసులో నాటుకొన్నది.

1960లో 'మనిషి - కంప్యూటర్ సహజీవనం' అనే భావంతో ఆయన ప్రకటించిన వ్యాసం మిక్కిలి ప్రసిద్ధమైనది. అంజూర చెట్టుకు, దాని పుష్పాలను ఫలవంతం చేసే చిన్న కందిరీగకు గల బంధాన్ని ఉపమానంగా గ్రహించాడు. ఒకటి లేనిదే మరొకటి మనలేదు. (మేడిపండు పొట్టలోని పురుగులను తెలుగువారు కాపట్యానికి గుర్తుగా చెప్పుకొన్నారు గాని, మేడిచెట్టుకు ఆ జాతి కీటకాలే ప్రాణబంధువులు.) ప్రశ్నలు వేయడం, లక్ష్యాలు నిర్ణయించడం మనిషి వంతు, గణనలు, వెదుకులాటలు యంత్రం వంతు. అంతటితో ఆగక, బల్ల వంటి ఉపరితలంపై మనిషి చేతితో ముతకగా గీసిన పటాన్ని, పట్టికను యంత్రం గుర్తించి, చక్కదిద్ది, తిరిగి చూపవలెనని ఆయన ఊహించాడు. కాగితంపై ఇద్దరు సహోద్యోగులు కలిసి గీసుకొంటూ చర్చించినట్లే ఉండాలన్నది ఆయన ఆకాంక్ష.

1962 అక్టోబరులో అమెరికా రక్షణశాఖకు చెందిన 'ఆర్పా' సంస్థలో కంప్యూటర్ పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యాడు. ఆయన పేరు మోసే యంత్రమేదీ లేదు. సమర్థులను గుర్తించి, నిధులిచ్చి, వారి దారికి అడ్డురాకపోవడమే ఆయన ప్రతిభ. 1963లో ఎం.ఐ.టి.లో ఐవన్ సదర్లాండ్, కాంతికలంతో తెరపై బొమ్మలు గీసే 'స్కెచ్‌ప్యాడ్'ను పూర్తిచేశాడు. 1964లో లిక్‌లైడర్ తన పదవిని 26 ఏళ్ల ఆ యువకునికే అప్పగించాడు. ఆర్పా సహాయంతోనే రాండ్ సంస్థ 10 అంగుళాల పొడవు, వెడల్పు గల పలకను రూపొందించింది. కలం మొన ఎక్కడ ఉన్నదో సుమారు పది లక్షల స్థానాలలో దేనినైనా అది గుర్తించగలిగేది. దాని ఆధారంగా వెలసిన 'గ్రెయిల్' వ్యవస్థ వంకరగా గీసిన పెట్టెను గుర్తించి దీర్ఘచతురస్రంగా దిద్దేది. చేతివ్రాతలోని అక్షరాలనూ పోల్చుకొనేది.

యంత్రంతో ఒక మనిషి స్నేహం చేస్తే చాలునా? వేరువేరు నగరాలలోని పరిశోధకులు ఒకరి ఫలితాలను మరొకరు వాడుకొనేదెలా? 1963 ఏప్రిల్‌లో లిక్‌లైడర్ తన సహచరులకు పంపిన లేఖలో ఈ చింతే ఉన్నది. భావి వలయానికి సరదాగా గెలాక్సీల పేరు జోడించి సంబోధించాడు. 1968లో రాబర్ట్ టేలర్‌తో కలిసి వ్రాసిన వ్యాసంలో, ఒకే ఊరివారు కావడం వల్ల గాక ఒకే ఆసక్తి వల్ల ఏర్పడే సమాజాలు కంప్యూటర్ల మీదుగా పుడతాయని వివరించాడు. నిరుద్యోగం సమసిపోగలదన్న అందలి ఆశ అతిశయమే. అయితే ఈ సౌకర్యం కొందరికే దక్కితే మనుషుల మధ్య జ్ఞానంలోని అంతరం మరింత పెరుగుతుందని అప్పుడే హెచ్చరించాడు. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలిస్ నుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయానికి ఆర్పానెట్ తొలి సందేశం ప్రయాణించింది.

1974లో ఆయన మరల ఆ పదవి చేపట్టాడు. అప్పటికి ప్రత్యక్ష సైనిక ప్రయోజనం చూపని పరిశోధనకు నిధులు దొరకడం దుర్లభమైంది. మునుపటి స్వేచ్ఛ లేదు. మరుసటి సంవత్సరమే ఎం.ఐ.టి.కి తిరిగివచ్చి, 1985 వరకు బోధన సాగించాడు. 1990 జూన్ 26న మసాచుసెట్స్‌లోని ఆర్లింగ్టన్‌లో మరణించాడు. ఆ సంవత్సరం డిసెంబరు నాటికి జెనీవా చెంత సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ తొలి వెబ్ పుటను సిద్ధం చేశాడు.