పచ్చయప్ప సొమ్ము: గుడికి రాస్తే బడికి చేరిన కథ

వీలునామా అన్న మాటలోనే ఒక చరిత్ర ఉంది. ముందు సగం ఇంగ్లీషు విల్లు, వెనక సగం పారశీక నామా. పోయేముందు ఆస్తిని ఇష్టమొచ్చినట్టు కాగితం మీద రాసి పంచిపెట్టే పద్ధతి మన ధర్మశాస్త్రాల్లో లేదు. కొడుకులుంటే వాళ్లకు పోతుంది, లేకపోతే దత్తత, అదీ లేకపోతే దాయాదులు. అందుకే 1794 మార్చి 22న తంజావూరు సీమలో జబ్బుపడిన ఒక మద్రాసు దుబాసీ రాయించిన వీలునామా అప్పట్లో కొత్త సంగతి. దక్షిణాదిన హిందువులు రాసిన తొలి వీలునామాల్లో అదొకటని చెబుతారు. ఆయన పేరు పచ్చయప్ప మొదలియార్. అప్పటికి వయసు 40 ఏళ్లు. కొడుకుల్లేరు. డబ్బు మాత్రం లక్షల్లో ఉంది.

చెన్నైలో చదివిన, అక్కడ కొన్నాళ్లున్న తెలుగువాళ్లకు పచ్చయప్ప అంటే కాలేజీ. ఆ పేరు వెనక ఉన్న మనిషి ఏం కోరుకున్నాడో, ఆయన పోయాక ఆ కోరికకు ఏమైందో తెలిసినవాళ్లు తక్కువ.

పచ్చయప్ప 1754లో మద్రాసుకు ఉత్తరాన ఉన్న పెరియపాళయంలో పుట్టాడు. కడుపులో ఉండగానే తండ్రి పోయాడు. తల్లి పూచి అమ్మాళ్ పిల్లల్ని తీసుకుని మద్రాసు చేరింది. అక్కడ పౌనీ అనే ఇంగ్లీషు వర్తకుడి దగ్గర దుబాసీగా ఉన్న నారాయణ పిళ్ళై ఆ కుటుంబాన్ని ఆదుకున్నాడు. కుర్రవాడికి ఇంగ్లీషు, లెక్కలు, సరుకుల బేరం నేర్పించాడు. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసినవాడు. ఆ రోజుల్లో ఆ పని తర్జుమాతో ఆగేది కాదు. తెల్లదొరకు అప్పు పుట్టించడం, సరుకు కొనిపెట్టడం, శిస్తు వసూలుకు హామీ ఉండటం, మధ్యలో తన వాటా తీసుకోవడం, అన్నీ అందులోకే వచ్చేవి. పచ్చయప్ప ఇరవైల్లోనే ధనవంతుడయ్యాడు. తర్వాత తంజావూరులో కంపెనీ వ్యవహారాలు చూసే సలివన్‌కు దుబాసీగా వెళ్లాడు. ఆ సంస్థానపు శిస్తు వ్యవహారాల్లో దిగి మరింత సంపాదించాడు. ఆ సంపాదన ఎవరి కష్టం నుంచి వచ్చిందో జీవితచరిత్రలు పెద్దగా పట్టించుకోలేదు. శిస్తు కట్టిన రైతు పేరు ఏ ధర్మశిలాఫలకం మీదా ఉండదు కదా.

మద్రాసులో ఉన్నప్పుడు కోమలేశ్వరన్‌పేటలో కాపురం. పక్కనే కూవం నది. పొద్దున్నే అందులో స్నానం చేసి కోమలేశ్వరుడి గుడికి వెళ్లేవాడట. ఇప్పటి కూవం చూసినవాళ్లు ఈ మాట నమ్మరు. ఇంట్లో మాత్రం ఆ ప్రశాంతత లేదు. అక్క కూతురినే పెళ్లాడాడు, ఆ తర్వాత మరో పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు భార్యల మధ్య పొసగలేదు.

వీలునామా రాయించిన తొమ్మిది రోజులకు, మార్చి 31న, కావేరి ఒడ్డున తిరువయ్యారులో పచ్చయప్ప పోయాడు. అప్పటికి పాతికేళ్లు దాటిన త్యాగరాజు ఉంటున్నది కూడా ఆ ఊళ్లోనే.

ఆయన కోరుకున్నది ఆ కాలపు శైవ భక్తుడు ఎవరైనా కోరుకునేదే. గుళ్లలో పూజలు, ఉత్సవాలు, అన్నదానం, బీదలకు సాయం. కాశీ మొదలుకొని చిదంబరం, కంచి దాకా క్షేత్రాల్లో తన పేరిట ధర్మం జరగాలి. అమలు బాధ్యత తనను పెంచిన నారాయణ పిళ్ళై మీద పెట్టాడు. ఇంగ్లీషు బడి ఊసు ఆ కోరికల్లో లేదు.

ఆ తర్వాత జరిగింది ఊహించగలిగేదే. డబ్బు ఎవరి చేతుల్లో ఉందో వాళ్లు వదల్లేదు. బంధువులు, వారసులమన్నవాళ్లు, అమలుదారులు కోర్టుకెక్కారు. 1801లో మద్రాసులో సుప్రీంకోర్టు ఏర్పడింది. వ్యాజ్యం ఏళ్ల తరబడి నడిచింది. గుళ్లకు దీపం ముట్టిందో లేదో గానీ వకీళ్లకు మాత్రం ముట్టింది. ధర్మాదాయాల మీద పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు ఇస్తూ 1817లో కంపెనీ ప్రభుత్వం ఏడో రెగ్యులేషన్ తెచ్చింది. ఆ దశలో అడ్వకేట్ జనరల్ హెర్బర్ట్ కాంప్టన్, ఆయన తర్వాత జార్జ్ నార్టన్ ఈ సొమ్మును వెలికితీయడానికి పూనుకున్నారు.

తీరా లెక్క తేలేసరికి వడ్డీతో కలిపి మూలధనం బాగా పెరిగి ఉంది. గుడి ధర్మాలకు లక్ష వరాహలు, అంటే దాదాపు మూడున్నర లక్షల రూపాయలు, విడిగా పెట్టారు. అయినా ఇంకా లక్షలు మిగిలాయి. అసలు ప్రశ్న ఇక్కడ పుట్టింది. మిగిలిన సొమ్ము దేనికి వాడాలి?

దాత చెప్పిన పనికి సరిపోగా మిగిలితే, ఆయన ఉద్దేశానికి వీలైనంత దగ్గరగా ఉన్న మరో పనికి దాన్ని మళ్లించవచ్చని ఇంగ్లీషు న్యాయంలో ఒక సూత్రం ఉంది. నార్టన్ దాన్ని పట్టుకున్నాడు. హిందూ పిల్లలకు ఇంగ్లీషు చదువు చెప్పించడం కూడా ధర్మమేనన్నాడు. కంచి గుడిలో అర్చనకు, మద్రాసులో ఇంగ్లీషు వ్యాకరణానికి మధ్య ఎంత దగ్గర? నా మట్టుకు నాకు చాలా దూరమే అనిపిస్తుంది. కానీ నగరంలోని చదువుకున్న హిందువులు ఈ మార్పుకు అడ్డుపడలేదు, పైగా ముందు నిలబడ్డారు. ట్రస్టుకు తొలి అధ్యక్షుడైన కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై తెలుగు సాహిత్యం చదివినవాళ్లకు తెలిసిన పేరే. సుప్రీంకోర్టులో దుభాషిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీకి వెళ్తూ దారి పొడుగునా ఉత్తరాలు రాసింది ఈయనకే. అవే కాశీయాత్ర చరిత్ర అయ్యాయి. మిత్రుడు పోయిన రెండేళ్లకు, 1838లో, దాన్ని అచ్చు వేయించింది కూడా ఈయనే. పచ్చయప్ప లాగే కాశీని నమ్మినవాళ్లు, కోర్టు భాష తెలిసినవాళ్లు వీళ్లు. తమ పిల్లలకు గుడి, ఇంగ్లీషు రెండూ కావాలనుకున్న తరం.

తొందరకు ఇంకో కారణం ఉంది. 1837లో స్కాట్లండ్ మిషనరీ జాన్ ఆండర్సన్ మద్రాసులో బడి పెట్టాడు. 1841లో ఆ బడి పిల్లలు కొందరు క్రైస్తవం పుచ్చుకోవడంతో ఊళ్లో గగ్గోలు పుట్టింది. మతం జోలికి రాని ఇంగ్లీషు బడి, హిందువుల చేతుల్లో ఉండే బడి కావాలన్న మాట గట్టిపడింది. 1842 జనవరి 1న బ్రాడ్వేలో పచ్చయప్ప బడి తెరుచుకుంది. దాత పోయి అప్పటికి 48 ఏళ్లు. 1850లో ఎస్‌ప్లనేడ్‌లో గ్రీకు గుడి నమూనాలో, ఏథెన్స్‌లోని థీసియస్ ఆలయాన్ని చూసి కట్టిన పెద్ద స్తంభాల భవనం వచ్చింది. శివుడి గుళ్లకు రాసిన సొమ్ముతో గ్రీకు దేవాలయం లేచింది. ఈ విడ్డూరం ఆ రోజు ఎవరికైనా తట్టిందో లేదో.

బడి 1889లో పూర్తిస్థాయి కాలేజీ అయింది. 1906లో శ్రీనివాస రామానుజన్ ఇక్కడ చేరి, లెక్కలు తప్ప మిగతావాటిలో తప్పాడు. సి.ఎన్. అన్నాదురై చదివింది ఇక్కడే. 1940లో కాలేజీ చేత్‌పట్‌కు మారింది.

దాత హిందువు, సొమ్ము హిందువులదే అన్న వాదన మాత్రం వందేళ్లు నిలిచింది. 1947 దాకా ముస్లిం, క్రైస్తవ పిల్లలకు ఇక్కడ ప్రవేశం లేదు. హిందువులన్నంత మాత్రాన అందరికీ దొరికిందా అంటే అదీ లేదు. అంటరానివారన్న ముద్ర పడిన కులాల పిల్లలు ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లోనూ గుమ్మం బయటే ఉన్నారు. గుడి ధర్మాన్ని బడికి మళ్లించడానికి సాగదీయగలిగిన దాత ఉద్దేశం, ఈ పిల్లల దగ్గరికి వచ్చేసరికి అంగుళం కూడా సాగలేదు.

ఇప్పుడు ట్రస్టు కింద పలు కాలేజీలు, బడులు, నగరం నడిబొడ్డున స్థలాలు ఉన్నాయి. ఎన్నికల మీద, నియామకాల మీద, అద్దెల మీద మళ్లీ కేసులే. ఈమధ్య కాలంలో మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తుల చేతికి ట్రస్టు పాలన అప్పగించాల్సి వచ్చింది. ఎస్‌ప్లనేడ్‌లోని ఆ పాత స్తంభాల భవనం హైకోర్టుకు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది.